మిక్చర్ స్క్రూ లేని బండికి మిక్చర్ సెట్ చేయడం

“అన్నా, కాస్త రిచ్ చెయ్యి, పికప్ చాలట్లేదు” అంటూ బీఎస్6 బండి తెచ్చి షెడ్డు ముందు ఆపేవాళ్లు మా విజయవాడ ఆటోనగర్‌లో ఇప్పటికీ ఉన్నారు. రిచ్ అంటే మిక్చర్‌లో, అంటే గాలి పెట్రోలు కలయికలో, పెట్రోలు పాలు పెంచడం. కార్బురేటర్ రోజుల్లో ఈ మాటకు జవాబు చేతిలోనే ఉండేది. మిక్చర్ స్క్రూ పావు చుట్టు తిప్పితే ఇంజిన్ శబ్దమే మారిపోయేది. ఇప్పటి బండిలో తిప్పడానికి స్క్రూ లేదు. ఏదో ఒక దారిలో పెట్రోలు ఎక్కువ పంపినా, కంప్యూటర్ గమనించి అంతకంత తగ్గించి మళ్లీ తన లెక్కకు తెచ్చుకుంటుంది.

అందుకే పని నేర్చుకునే కుర్రాళ్లకు నేను మొదట చెప్పేది ఇది. కొత్త బండిలో మిక్చర్ సెట్ చేసేది ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్. అది నమ్ముతున్న లెక్కలు నిజమయ్యేలా చూడటం మన పని. ముందు సిలిండర్‌లోకి ఎంత గాలి పోతోందో అది అంచనా కడుతుంది. ఆ గాలికి ఎంత పెట్రోలు ఇవ్వాలో తన పట్టికలో చూసుకుంటుంది. అంత పెట్రోలు పడాలంటే ఇంజెక్టర్‌ను ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో తేల్చుకుంటుంది. చివరికి సైలెన్సర్ పైపులో ఉన్న ఆక్సిజన్ సెన్సర్‌ను చూసి, తేడా వస్తే శాతాల్లో సరిచేసుకుంటుంది. ఈ నాలుగింటిలో తప్పు ఎక్కడుందో కనిపెట్టి అక్కడే దిద్దాలి. వేరే చోట దిద్దితే ఈ రోజు బాగున్నట్టే ఉంటుంది, వారం తర్వాత బండి తిరిగొస్తుంది.

ముందు లాంబ్డా అలవాటు చేసుకోండి

పెట్రోలుకు 14.7 అని అందరికీ నోటికి వచ్చు. కిలో పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలని దాని అర్థం. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. ఇప్పుడు మన బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. లెక్క కడితే దాని నిష్పత్తి సుమారు 13.5 వస్తుంది. ఈ10కి సుమారు 14.1. అంటే 14.7 అనే అంకెకు మన ట్యాంకులో ఉన్న ఇంధనంతో ఇప్పుడు సంబంధమే లేదు.

సైలెన్సర్ పైపులో సెన్సర్ పెట్టి మిక్చర్ చూపించే వైడ్‌బ్యాండ్ మీటరు అసలు కొలిచేది లాంబ్డాని. ఉన్న ఇంధనానికి గాలి సరిగ్గా సరిపోతే లాంబ్డా 1. తగ్గితే రిచ్ (పెట్రోలు ఎక్కువ), పెరిగితే లీన్ (పెట్రోలు తక్కువ). మీటరు దాన్ని 14.7తో గుణించి చూపిస్తుంది, అంతే. ఈ20 బండిలో మీటరు 14.7 అంటున్నప్పుడు లోపల నిజంగా ఉన్నది 13.5. సీఎన్‌జీలో 17 పైన ఉంటుంది. అన్నిట్లోనూ లాంబ్డా మాత్రం 1. కాబట్టి మీటరు సెట్టింగ్‌లోకి వెళ్లి లాంబ్డాకు మార్చేసుకోండి. ఈ వ్యాసంలో ఇకమీద అన్నీ లాంబ్డాలోనే చెబుతాను.

ఇదే లెక్క ఇంకో అనుమానాన్ని కూడా తీరుస్తుంది. ఈ10కి తయారైన బండిలో ఈ20 పోస్తే లాంగ్ టర్మ్ ట్రిమ్, అంటే ఈసీయూ నేర్చుకుని గుర్తుపెట్టుకున్న దిద్దుబాటు, మూడు నాలుగు శాతం పైకి జరుగుతుంది. అది రోగం కాదు. దాని కోసం ఏమీ విప్పొద్దు.

బండి ఏమంటోందో రాసుకోవడం

ఓబీడీ సాకెట్‌లో (ఈసీయూ రీడింగులు చదివే చోటు) గుచ్చే ఈఎల్‌ఎమ్327 రకం బ్లూటూత్ డాంగిల్ ఒకటి, ఫోన్‌లో ఏదైనా మంచి ఓబీడీ యాప్ ఒకటి ఉంటే సగం పని అవుతుంది. మరీ చవక డాంగిల్ సెకనుకు ఒకటి రెండు రీడింగులే ఇస్తుంది. లోడ్ మీద ఏం జరిగిందో దానిలో దొరకదు, అందుకని కాస్త మంచిదే కొనండి. చూడాల్సినవి: షార్ట్ టర్మ్ ట్రిమ్ (అప్పటికప్పుడు చేసే దిద్దుబాటు), లాంగ్ టర్మ్ ట్రిమ్, క్లోజ్డ్ లూప్‌లో (ఆక్సిజన్ సెన్సర్‌ను చూసి దిద్దుకునే స్థితిలో) ఉందా లేదా, ఈసీయూ అడుగుతున్న లాంబ్డా, ఆర్‌పీఎం, లోడ్, మానిఫోల్డ్ ప్రెషర్ (సిలిండర్లకు గాలి పంచే గొట్టంలో ఒత్తిడి) లేదా మాఫ్ (లోపలికి వెళ్లే గాలిని కొలిచే సెన్సర్) రీడింగ్, కూలెంట్ వేడి, లోపలికి వెళ్లే గాలి వేడి, బ్యాటరీ వోల్టేజ్.

ఇంజిన్ పూర్తిగా వేడెక్కాకే మొదలుపెట్టండి. కూలెంట్ 80 డిగ్రీలు దాటాలి, స్టేటస్ క్లోజ్డ్ లూప్ అని చూపించాలి. ఐడిల్‌లో రెండు మూడు నిమిషాలు రాయండి. తర్వాత నిలబెట్టే 2,500 ఆర్‌పీఎం దగ్గర ఒక నిమిషం. ఆ తర్వాత రోడ్డు. నేను గన్నవరం వైపు హైవే ఎక్కి, మూడో గేరులో, నాలుగో గేరులో ఒకే వేగంతో నింపాదిగా నడుపుతాను. పక్కన ఇంకొకరు ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. ఫుల్ థ్రాటిల్ లాగ్ రోడ్డు మీద తీయొద్దు. అది డైనో మీద, అంటే బండిని రోలర్ల మీద నిలబెట్టి నడిపి కొలిచే యంత్రం మీద, చేసే పని.

షార్ట్, లాంగ్ రెండూ కలిపి చూడాలి. ప్లస్ అంటే ఈసీయూ పెట్రోలు కలుపుతోంది, మైనస్ అంటే కోస్తోంది. మొత్తం ఐదు శాతం లోపు ఉంటే బండి ఆరోగ్యంగా ఉంది. పది దాటితే కారణం వెతకాలి. ఇరవై చుట్టుపక్కల చేరి అక్కడే ఉండిపోతే చాలా బండ్లలో చెక్ లైట్ వెలిగి, పీ0171 అనో పీ0172 అనో కోడ్ వస్తుంది. మొదటిది లీన్, రెండోది రిచ్.

అసలు విషయం అంకెలో కంటే అది ఎక్కడ ఎలా మారుతోందన్న దానిలో ఉంటుంది. మాఫ్ సెన్సర్ ఉన్న బండిలో ఐడిల్‌లో ప్లస్ 14 ఉండి, 2,500 దగ్గర ప్లస్ 3కి దిగిపోతే, మాఫ్ దాటాక ఎక్కడో దొంగ గాలి దూరుతోంది. ఐడిల్‌లో లోపలికి వెళ్లేదే కొంచెం గాలి కాబట్టి చిన్న చిల్లు కూడా పెద్ద శాతంగా కనిపిస్తుంది. రేస్ చేస్తే అదే చిల్లు మొత్తం గాలిలో కలిసిపోతుంది. పొగ పంపి లీక్ చూపించే స్మోక్ మెషిన్ పెట్టండి, రబ్బరు గొట్టాల మలుపులు, పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరిని తిరిగి గాలిలోకి పంపేది), థ్రాటిల్ బాడీ గ్యాస్కెట్ చూడండి. దీనికి ఎదురుగా, ఐడిల్‌లో బాగుండి లోడ్ పెరిగేకొద్దీ ప్లస్ పెరిగితే పెట్రోలు అందట్లేదు, లేదా మాఫ్ మురికి పట్టి గాలిని తక్కువ చూపిస్తోంది. పంపు ప్రెషర్ గేజ్ పెట్టి తేల్చుకోవచ్చు. అన్ని చోట్లా ఒకేలా ప్లస్ ఉంటే ప్రెషర్, ఇంజెక్టర్లు, లేదా ఇంధనం.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లు చాలావరకు మాఫ్ లేకుండా మానిఫోల్డ్ ప్రెషర్ చూసి గాలిని లెక్క కడతాయి. వాటిలో గొట్టం చిరిగి గాలి దూరినా మానిఫోల్డ్‌లో ప్రెషర్ కూడా పెరుగుతుంది, ఈసీయూ ఆ గాలిని కూడా లెక్కలో వేసేసుకుంటుంది. ట్రిమ్ పెద్దగా కదలదు. ఐడిల్ మాత్రం పైకి ఎక్కుతుంది, లేదా దాన్ని కిందికి దించడానికి థ్రాటిల్ మామూలు కంటే ఎక్కువ మూసుకుని ఉంటుంది. అలాంటి బండిలో ట్రిమ్ బాగుంది కదా అని లీక్ లేదనుకోవద్దు. థ్రాటిల్ శాతం చూడండి.

ట్రిమ్ ప్లస్‌లో ఉంది, ప్లగ్గులు విప్పితే మాత్రం నల్లగా ఉన్నాయి. ఇలాంటి బండి వస్తే నేను ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గరికి వెళతాను. సెన్సర్‌కు ముందు చిన్న పగులు ఉంటే బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సర్ దాన్ని లీన్ అనుకుంటుంది, ఈసీయూ అక్కర్లేని పెట్రోలు పోస్తుంది. మిస్సింగ్ కొట్టే సిలిండర్ కూడా ఇదే చేస్తుంది. కాలని పెట్రోలు కంటే మిగిలిపోయిన ఆక్సిజనే సెన్సర్‌కు కనిపిస్తుంది. ముందు మిస్సింగ్ ఆపండి, ట్రిమ్ ఆ తర్వాత చూడండి.

ఇవన్నీ సరిచేశాక ఎక్కువ బండ్లకు ఇంక ట్యూనింగ్ అవసరమే ఉండదు. పికప్ దానంతట అదే వస్తుంది. కస్టమర్‌కు ఈ మాట చెప్పి పంపడం కూడా మన వృత్తిలో భాగమే అని నేను గట్టిగా నమ్ముతాను. కూలెంట్ సెన్సర్ వైరులో రెసిస్టర్ పెట్టడం, ఓబీడీ సాకెట్‌లో గుచ్చే మైలేజ్ చిప్‌లు, ఇవేవీ బండి దగ్గరికి రానివ్వొద్దు.

సీఎన్‌జీ కిట్ మ్యాప్

బయట బిగించిన సీక్వెన్షియల్ కిట్ (ఒక్కో సిలిండర్‌కు విడిగా గ్యాస్ పంపేది) ఉన్న బండిలో మిక్చర్ పట్టిక, అంటే మ్యాప్, నిజంగా మన చేతిలో ఉంటుంది. ఆటోనగర్‌లో రోజూ జరిగే ట్యూనింగ్ ఇదే, సరిగ్గా జరగనిది కూడా ఇదే. కంపెనీ నుంచే సీఎన్‌జీతో వచ్చిన బండి సంగతి వేరు. దానిలో లాప్‌టాప్ పెట్టి మార్చే పని లేదు, మార్చకూడదు.

కిట్‌లో ఉన్న గ్యాస్ ఈసీయూ సొంతంగా ఏమీ ఆలోచించదు. పెట్రోల్ ఈసీయూ ఇంజెక్టర్‌కు పంపే టైమును అందుకుని, దాన్ని ఒక గుణకంతో పెంచి గ్యాస్ ఇంజెక్టర్‌కు పంపుతుంది. పెట్రోల్ ఈసీయూకు తాను గ్యాస్ మీద నడుస్తున్న సంగతే తెలియదు. కాబట్టి కొలత చాలా సులువు. పెట్రోల్ మీద ఉన్నప్పుడు ఇంజెక్షన్ టైము ఎంత ఉందో, గ్యాస్‌కు మార్చాక కూడా పెట్రోల్ ఈసీయూ అంతే టైము అడగాలి.

ఇంజిన్ వేడెక్కాక, ఏసీ ఆపి, పెట్రోల్ మీద ఐడిల్‌లో చూశారు: 3.0 మిల్లీసెకన్లు. గ్యాస్‌కు మార్చారు, కాసేపటికి 3.4కి వెళ్లింది. గ్యాస్ తక్కువ పడుతోంది, పెట్రోల్ ఈసీయూ 13 శాతం ఎక్కువ అడుగుతోంది. ఆ చోట గుణకం పెంచండి. 2.7కి పడిపోతే గ్యాస్ ఎక్కువైంది, తగ్గించండి. ఐడిల్ ఒక్కటే సెట్ చేసి డబ్బులు తీసుకుని పంపేయడం మహా అన్యాయం. రోడ్డు మీద పెట్రోల్‌తో నడిపి అన్ని లోడ్లలో పాయింట్లు పోగుచేయండి, తర్వాత అదే రోడ్డు, అదే గేర్లు, గ్యాస్‌తో. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడాలి. ఏసీ వేసి, నలుగురిని ఎక్కించుకుని కూడా చూడండి, కస్టమర్ నడిపేది అలాగే.

లోడ్ పెరిగేకొద్దీ గుణకాన్ని నిటారుగా పెంచుకుంటూ పోవాల్సి వస్తే మ్యాప్‌తో కుస్తీ పట్టొద్దు. గ్యాస్ ఇంజెక్టర్ నాజిల్ చిన్నదై ఉంటుంది, లేదా ఫుల్ థ్రాటిల్‌లో రెడ్యూసర్ (ట్యాంకు నుంచి వచ్చే గ్యాస్ ఒత్తిడిని తగ్గించేది) ప్రెషర్ నిలబెట్టలేకపోతోంది. ఐడిల్‌లో గుణకం బాగా కిందికి దించాల్సి వస్తే నాజిల్ పెద్దది. లాప్‌టాప్ పక్కన పెట్టి సామాను మార్చండి.

ఈ పని సరిగ్గా లేకపోతే పెట్రోల్ మీద కూడా బండి పాడవుతుంది. గ్యాస్ మీద నేర్చుకున్న తప్పుడు లాంగ్ టర్మ్ ట్రిమ్‌ను ఈసీయూ గుర్తుంచుకుంటుంది. మర్నాడు పొద్దున పెట్రోల్ మీద స్టార్ట్ చేస్తే అదే లెక్క వాడుతుంది, ఇంజిన్ వణుకుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే ఊగిసలాడుతుంది. చాలామంది అప్పుడు పెట్రోల్ ఇంజెక్టర్లు కడిగిస్తారు. తప్పు గ్యాస్ మ్యాప్‌లో ఉంటుంది. ఇంకోమాట: కిట్ ప్రభుత్వ ఆమోదం ఉన్నదై ఉండాలి, ఆర్‌సీలో ఎక్కించాలి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర అదే ముందు అడుగుతారు.

అసలు మ్యాప్ ముట్టుకోవాల్సి వస్తే

పెద్ద ఇంజెక్టర్లు వేశారు, టర్బో బండికి ఇంటేక్, డౌన్‌పైప్ (టర్బో తర్వాతి ఎగ్జాస్ట్ పైపు) మార్చారు, లేదా ట్రాక్ కోసం బండి కడుతున్నారు. అప్పుడే ఈసీయూ ఫైలు తెరవాలి. రోడ్డు బండి అయితే వారంటీ పోతుందని, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద మార్పులకు హద్దులున్నాయని యజమానికి ముందే చెప్పండి. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధి చేసేది) తీసే పని నేను ఎంత ఇచ్చినా ఒప్పుకోను.

రాసే ముందు ఒరిజినల్ ఫైలు చదివి రెండు చోట్ల దాచండి. రాస్తున్నంతసేపు బ్యాటరీకి స్థిరమైన సప్లయ్ పెట్టండి. మధ్యలో వోల్టేజ్ పడిపోతే ఈసీయూ మళ్లీ లేవకపోవచ్చు. ఏసీ బ్లోయరు, లైట్లు అన్నీ ఆపండి.

కొలవడానికి సొంత వైడ్‌బ్యాండ్ కావాలి. బాష్ ఎల్‌ఎస్‌యూ 4.9 సెన్సర్, దానికి తగిన కంట్రోలర్. క్యాటలిటిక్ కన్వర్టర్‌కు ముందు, టర్బో ఉంటే టర్బో తర్వాత, నీటి చుక్కలు దానిలో నిలవకుండా నెత్తి పైకి వాలేలా బిగించండి. కరెంటు ఇవ్వకుండా సెన్సర్‌ను పైపులో ఉంచి బండి నడపొద్దు, మసి పట్టి చచ్చిపోతుంది. మామూలు సిలికాన్ గమ్ ఆవిరి కూడా దానికి విషం. గ్యాస్కెట్లకు ఆక్సిజన్ సెన్సర్‌కు హాని చేయని రకమే వాడండి.

ఇప్పుడు వరస. మొదట ఇంజెక్టర్ లెక్క నిజం చేయండి. దానిలో రెండు అంకెలుంటాయి: నిమిషానికి ఎంత పోస్తుంది, కరెంటు వచ్చాక తెరుచుకోవడానికి ఎంత ఆలస్యం చేస్తుంది. రెండోదాన్ని డెడ్ టైమ్ అంటారు. చాలామంది మొదటిది మార్చి రెండోది వదిలేస్తారు. డెడ్ టైమ్ 0.2 మిల్లీసెకన్లు తప్పితే, ఐడిల్‌లో 2.5 మిల్లీసెకన్ల దగ్గర దాదాపు 8 శాతం తేడా వస్తుంది. 12 మిల్లీసెకన్ల దగ్గర రెండు శాతం కూడా రాదు. కాబట్టి తప్పు ఐడిల్‌లోనే ఎక్కువుంటే డెడ్ టైమ్, అన్ని చోట్లా ఒకే శాతం ఉంటే ఫ్లో. సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది. ఐడిల్‌లో హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటర్, బ్లోయరు అన్నీ వేయండి. వోల్టేజ్ కొంచెం దిగినప్పుడు ట్రిమ్ కూడా కదిలితే, డెడ్ టైమ్ పట్టికలో వోల్టేజ్ వరస తప్పుగా ఉంది.

ఇంజెక్టర్ తేలాకే గాలి పట్టిక. ఈ వరస ఎందుకంటే, గాలి అంచనా మిక్చర్ ఒక్కదానికే పనికొచ్చేది కాదు. కొత్త ఈసీయూలు చాలావరకు టార్క్ మీద ఆలోచిస్తాయి. మీరు పెడల్ తొక్కితే ఇంత టార్క్ కావాలని అడిగినట్టు. ఆ టార్క్‌కు ఎంత గాలి కావాలి, థ్రాటిల్ ఎంత తెరవాలి, బూస్ట్ (టర్బో ఇచ్చే ఒత్తిడి) ఎంత, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ ఇచ్చే సమయం) ఎంత, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఎప్పుడు మార్చాలి, అన్నీ ఆ గాలి అంకె మీదే నిలబడతాయి. పెద్ద ఇంజెక్టర్లు వేసి, వాటి లెక్క మార్చకుండా గాలి పట్టిక తగ్గించి మిక్చర్ సరిచేశారనుకోండి. మీటరు మీద లాంబ్డా బాగుంటుంది. ఈసీయూ మాత్రం లోడ్ తక్కువనుకుని టైమింగ్ ముందుకు జరుపుతుంది. నాకింగ్ (మిక్చర్ తనంతట తానే పేలడం) మొదలవుతుంది, పిస్టన్ పోతుంది. ఈ పద్ధతిలో పోయిన ఇంజిన్లను విప్పినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది.

గాలి పట్టిక దిద్దే లెక్క చిన్నది. క్లోజ్డ్ లూప్‌లో ఉన్న చోట ట్రిమ్మే మీ తేడా: రెండు ట్రిమ్‌లు కలిపి ప్లస్ 6 ఉంటే ఆ గడిని 1.06తో గుణించండి. సెన్సర్ దిద్దుబాటు లేని ఓపెన్ లూప్‌లో వైడ్‌బ్యాండ్ రీడింగ్‌ను ఈసీయూ అడిగిన లాంబ్డాతో భాగించండి. 0.88 అడిగితే 0.93 వచ్చింది, 0.93ను 0.88తో భాగిస్తే 1.057. ఆ గడిని 5.7 శాతం పెంచాలి. చాలా ఈసీయూలు ఓపెన్ లూప్‌లో కూడా లాంగ్ టర్మ్ ట్రిమ్‌ను మోసుకెళతాయి, అది కూడా లెక్కలో వేసుకోండి. ఒక్క గడిని మార్చి పక్క గడులను వదిలేస్తే మెట్టు ఏర్పడి బండి కుదుపు ఇస్తుంది. చుట్టుపక్కల నున్నగా కలపండి. ఇంజిన్ ఎప్పుడూ వెళ్లని గడులను ఊహించి కొట్టొద్దు, దగ్గరి గడుల వాలును సాగదీయండి.

ఎక్కడ ఎంత లాంబ్డా కావాలో చెప్పే లక్ష్యం పట్టిక చివర్లో. మామూలు నడకలో, హైవే క్రూజ్‌లో 1.00ను కదిలించొద్దు. క్యాటలిస్ట్ పనిచేసే కిటికీ ఆ చుట్టూ ఒక శాతం వెడల్పే ఉంటుంది. మైలేజ్ కోసం 1.05 అడిగితే నైట్రోజన్ ఆక్సైడ్లు శుద్ధి కాకుండా బయటికి పోతాయి. ఫుల్ లోడ్‌లో టర్బో లేని ఇంజిన్‌కు 0.86 నుంచి 0.90, టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్‌కు 0.82 నుంచి 0.88 మధ్య మొదలుపెట్టి, నాక్ రిటార్డ్ (నాకింగ్ వల్ల ఈసీయూ వెనక్కి లాగిన టైమింగ్), ఎగ్జాస్ట్ వేడి చూస్తూ జరుపుతాను. ఎగ్జాస్ట్ వేడెక్కినప్పుడు టర్బోను, క్యాటలిస్ట్‌ను కాపాడటానికి కంపెనీ పెట్టిన రిచ్ పట్టిక ఒకటి విడిగా ఉంటుంది. పెట్రోలు వృథా అని దాన్ని తీసేయొద్దు.

జనవరి సాయంత్రం డైనో మీద బ్రహ్మాండంగా వచ్చిన మ్యాప్ మే నెల మధ్యాహ్నం కూడా నిలబడాలి. ఇక్కడ ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది, ట్రాఫిక్‌లో ఇంటర్‌కూలర్ వెనక గాలి ఇంకా వేడి. గాలి వేడి పెరిగేకొద్దీ టైమింగ్, బూస్ట్ తగ్గించే పట్టికలను ముట్టుకోకుండా వదిలేయండి. డైనో మీద వరసగా లాగి, వేడెక్కాక వచ్చిన రీడింగ్‌నే నమ్మండి. చిన్న టర్బో ఇంజిన్లలో 1,500 నుంచి 2,500 ఆర్‌పీఎం మధ్య టార్క్ మరీ ఎక్కువ పెంచితే స్పార్క్ రాకముందే మిక్చర్ అంటుకునే ప్రమాదం ఉంది, దాన్ని నాక్ సెన్సర్ వెనక్కి లాగలేదు. అక్కడ అత్యాశ వద్దు.

రాశాక పాత అడాప్టేషన్లు (ఈసీయూ నేర్చుకున్న దిద్దుబాట్లు) చెరిపి, వేడి ఇంజిన్‌తో సిటీలో, హైవేలో కలిపి ఒక ట్యాంకు పెట్రోలు అయ్యేదాకా నడపమని బండి ఇచ్చేయండి. తిరిగి రాగానే మొదట్లో తీసిన లాగ్‌నే అదే వరసలో మళ్లీ తీయండి: ఐడిల్, 2,500, అదే రోడ్డు. ట్రిమ్‌లు ఐదు శాతం లోపు ఉండాలి, ఓబీడీ మానిటర్లన్నీ (బండి తనను తాను చేసుకునే పరీక్షలు) రెడీ చూపించాలి. తర్వాత పొల్యూషన్ చెక్‌కు తీసుకెళ్లండి. సుమారు 2,500 ఆర్‌పీఎం దగ్గర లాంబ్డా 0.97 నుంచి 1.03 మధ్య రావాలని నిబంధన. సర్టిఫికెట్‌తో పాటు మీ లాగ్ ప్రింటు కూడా యజమానికి ఇవ్వండి. ఏడాది తర్వాత బండిని ఎవరు చూసినా, ఏ అంకె ఎటు జరిగిందో దాన్ని పక్కన పెట్టుకుని పోల్చుకోగలరు.